గౌడ్ మామ చెట్టు దిగే వేళకు

జనగామ చుట్టుపక్కల పాత ఊళ్లలో కల్లు దింపి అమ్మే మండువకు బోర్డు ఉండేది కాదు. మా ఊరి మండువకైతే గోడలు కూడా లేవు. చెరువు కట్ట దిగితే ఈతవనం, ఆ వనం అంచున తాటికమ్మలు కప్పిన పందిరి, పందిరి కింద పొడుగు బండలు, ఓ మూలకు కుండలు, ఇంకో మూలకు ఎల్లమ్మ తల్లి పేరున పసుపు కుంకుమ పెట్టిన రాయి. హైదరాబాద్‌లో నాతో పనిచేసినవాళ్లు తమ కాలనీ బార్ గురించి, అక్కడి మూల టేబుల్ గురించి, అడగకముందే తెచ్చిపెట్టే వెయిటర్ గురించి ప్రేమగా చెప్పుకుంటుంటే నాకు ఆ పందిరే గుర్తొచ్చేది. మనుషులు పొద్దు గూకేముందు కలుసుకునే చోటు ఊరికొకటి ఉండాలి. మాకు ఉండేది. దాన్ని చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.

మండువ ఎప్పుడు తెరవాలో చెట్టు చెప్పేది. కల్లు దాచుకునే వస్తువు కాదు. చెట్టు మీద కట్టిన చిన్న కుండలోకి, అంటే లొట్టిలోకి, బొట్టు బొట్టుగా కారుతున్నప్పుడే పులియడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది, అలా పులియని తీపి రసాన్నే నీరా అంటారు. సున్నం లేకపోతే గాలిలోనూ పాత లొట్టి గోడల్లోనూ ఉండే ఈస్ట్ ఆ తీపిని తినుకుంటూ గంటల్లోనే మత్తు పుట్టిస్తుంది. పొద్దున దింపిన కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి నురగ కడుతుంది, సాయంత్రానికి ముక్కుకు పుల్లటి వాసన కొడుతుంది. మర్నాటికి అది తాగేది కాదు. ఫ్రిజ్ లేని కాలంలో దీని అర్థం ఏమిటంటే, చెట్లు గీసే గౌడ్ మామ కిందికి దిగే వేళకు నువ్వు అక్కడ ఉండాలి. నీకు తీరినప్పుడు పోతానంటే కుదరదు. ఊళ్లో సగం మంది ఒకే వేళకు ఒకే పందిరి కిందికి రావడానికి కారణం ఇదే. నాకు ఇది పెద్దయ్యాక అర్థమైంది కానీ, గౌడ్ మామ ఎప్పుడో చెప్పాడు. ఎవరో ఆలస్యంగా వచ్చి, నా వాటా ఎందుకు ఉంచలేదని గొణుగుతుంటే, కుండ బోర్లిస్తూ అన్నాడు: "కల్లు ఆగదు బిడ్డా, మనమే ఆగాలె."

ఆయన్ని ఊళ్లో అందరూ ఏదో ఒక వరసతో పిలిచేవాళ్లు. నాకు మామ. మా బాపుకు బావ. పొట్టి మనిషి, అరిపాదాలు చెట్టు బెరడు లాగే గట్టిపడి ఉండేవి. నడుముకు మోకు తాడు, కాళ్లకు గుజి బందం, వెనక ముత్తాదులో గీత కత్తులు పెట్టుకొని నడుస్తుంటే లొట్లు ఒకదానికొకటి తాకి చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినే మా ఇంట్లో పొయ్యి ముట్టించాలా ఇంకాసేపు ఆగాలా అని అమ్మ లెక్క వేసుకునేది.

తాటిచెట్టు గీయడం వేరు, ఈతచెట్టు గీయడం వేరు. తాటికి పైన గెలను కోసి, రోజూ సన్నటి పొర చెక్కుతూ లొట్టి కట్టాలి. ఒక్కరోజు చెక్కడం మానినా ఆ కోత ఎండిపోతుంది. అందుకే పండుగనీ జ్వరమనీ చూడకుండా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాల్సిందే. ఈతకు గెలతో పని లేదు. మొవ్వు కింద మెడ దగ్గర మట్టలు తీసి కాండాన్నే చెక్కుతారు. ఒక ఏడు ఒకవైపు గీస్తే మరో ఏడు అటువైపు గీస్తారు, అందుకే పాత ఈతచెట్టు మెట్లు కొట్టినట్టు వంకరటింకరగా పైకి పోతుంది. ఆ గంట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లు ఇచ్చిందో చెప్పొచ్చు. మామ మాకు అలా లెక్క నేర్పేవాడు. "ఈ గంటు మీ తాత తాగింది" అని ఒకటి చూపించేవాడు. నేను దాని మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి.

మా ఇంటికి వాడిక ఉండేది. వాడిక అంటే ఫలానా ఇంటికి రోజూ ఇంత పోయాలని ఒప్పందం. డబ్బులు అప్పటికప్పుడు ఇచ్చేది లేదు. కొందరు వడ్లు కొలిచేవాళ్లు, కొందరు పంట వచ్చాక కట్టేవాళ్లు. మా బాపు దర్జీ, కాబట్టి మామ ఇంటిల్లిపాది బట్టలు మా ఇంట్లోనే కుట్టేవాళ్లం. దసరా ముందు ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేల్చుకోవడానికి ఇద్దరూ కూర్చునేవాళ్లు. లెక్క ఎప్పుడూ సరిగ్గా తేలేది కాదు. "సరే బావా, మళ్లచ్చే పండుగకు చూద్దాం" అనుకొని లేచేవాళ్లు. వాళ్లిద్దరి మధ్య ఆ లెక్క తేలకుండానే జీవితమంతా గడిచింది, ఇద్దరికీ అదే ఇష్టమని నేననుకుంటాను.

ఇంటికి కల్లు తేవడం నా పని. చెంబు పట్టుకొని కట్ట దిగేవాణ్ణి. మామ పైనుంచే చూసి కేకేసేవాడు: "ఏం అల్లుడా, బాపు రాలేదా? కూసో, ఇంకా రెండు చెట్లున్నయ్." కూర్చునేవాణ్ణి. పిల్లలకు అక్కడ కల్లు పోసేవాళ్లు కాదు కానీ, సున్నం పూసిన చిన్న లొట్టిలో తీపి నీరా దిగిన రోజు గుక్కెడు దొరికేది. అది చల్లగా, కొంచెం ఆకు వాసనతో ఉండేది. లొట్టిలో పడ్డ చీమల్ని, తేనెటీగల్ని ఈత పీచులో వడగట్టి పోసేవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి తాటాకు నలిపిన వాసన వస్తే ఆ గుక్క నోట్లోకి వస్తుంది.

పెద్దవాళ్లు తాగే తీరు చూడటానికి బాగుండేది. తాటాకును దోనెలా మడిచి రెండు చేతులా పట్టుకొని నోటికి ఆనించుకుంటే, పక్కవాడు కుండతో పోసేవాడు. దాన్ని రేక పట్టడం అంటారు. రేక పట్టినవాడు ఆకు మడత విప్పలేడు, ఆపమని నోటితో చెప్పలేడు, తల ఊపాలి. పోసేవాడు ఆ తల ఊపడం కోసం కళ్లార్పకుండా చూస్తుండాలి. ఒకరు తాగాలంటే ఇంకొకరు కావాలి. ఒంటరిగా రేక పట్టడం నేనెప్పుడూ చూడలేదు. కొత్తగా వచ్చినవాడికి ఎవరో ఒకరు పోయాల్సిందే, పోస్తూ "ఏ ఊరు? ఎవరింటికొచ్చినవ్?" అని అడగాల్సిందే. చుట్టాలింటికి వచ్చిన మనిషి సాయంత్రానికల్లా ఊరందరికీ తెలిసిపోయేవాడు.

ఇందులో అందరూ సమానంగా కూర్చున్నారని రాస్తే అబద్ధమవుతుంది. తాత చెప్పిన కాలంలో దళితవాడ నుంచి వచ్చినవాళ్లు పందిరి బయట, చెట్ల కింద కూర్చునేవాళ్లట. దొరల గడీ వాళ్లు మండువకు అసలు రారు, ఇంటికే కుండ పంపించుకునేవాళ్లు. నా చిన్నప్పుడు కూడా ఊరి హోటల్లో చాయ్‌కి రెండు రకాల గ్లాసులు ఉండటం నేను చూశాను. మండువలో మాత్రం ఆకే గ్లాసు, తాగాక ఎవరి ఆకు వాళ్లు పారేస్తారు, కాబట్టి గ్లాసుల గొడవ అక్కడ లేదు. కూర్చునే చోటు మారడానికి మాత్రం ఇంకా టైమ్ పట్టింది. పందిరి బయటి మనుషులు బండల మీదికి ఎప్పుడు వచ్చారో ఫలానా రోజని చెప్పలేను. హైస్కూలుకు జనగామ వెళ్లొచ్చే కుర్రాళ్లు ముందు కూర్చున్నారు, తర్వాత వాళ్ల తండ్రులు కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కొన్నాళ్లు మొహం మాడ్చుకొని కుండలు ఇంటికి తెప్పించుకున్నారు. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక మళ్లీ వచ్చారు. మామ ఎవరినీ లేవమనలేదు, ఎవరినీ రమ్మని బతిమాలలేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు చాలా గౌరవం.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే మా వైపు మండువ గురించి చెప్పినట్టే కాదు. బయటివాళ్లు నమ్మరు కానీ, తెలంగాణ పల్లెల్లో కల్లు మగవాళ్ల సొత్తు కాదు. నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కొని కట్ట దిగి వచ్చి, పందిరికి తూర్పు వైపు ఒక గుంపుగా కూర్చునేవాళ్లు. మా నాయినమ్మ అందులో పెద్ద. "ఒళ్లు పులిసిపోయింది, జెర పొయ్యి కొడుకా" అని మామను పిలిచేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని రేక పట్టేది. వాళ్ల వైపే మాటలు ఎక్కువ, నవ్వులు ఎక్కువ. ఏ ఇంట్లో కోడలు పుట్టింటికి పోయింది, ఏ చేనుకు నీళ్లు అందలేదు, ఏ పిల్లకు సంబంధం చూస్తున్నారు, అన్నీ అక్కడే. బతుకమ్మ తొమ్మిది రోజులైతే ఆ పాటలు అక్కడే మొదలై చెరువు దాకా పోయేవి.

పందిరి పక్కన ఒక అత్త గంప పెట్టుకొని కూర్చునేది. అలసంద గుడాలు, శనగ గుడాలు, ఉల్లిగడ్డ తరుగు, ఎండుమిరపకాయల కారం. ఆదివారాలు బోటి. గుడాలు ఉడికించి పోపు పెట్టడంలో పెద్ద విద్య ఏముందని ఎవరైనా అనొచ్చు. ఆమె గుడాల్లో గింజ గింజకూ ఉప్పు పట్టి ఉండేది, ఒక్కటి చిదిగేది కాదు. ఎట్లా అని అమ్మ అడిగితే "నానబెట్టేటప్పుడే ఉప్పెయ్యాలె వదినా" అంది. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే చేస్తాం. పుల్లటి కల్లుకు ఆ కారం, ఆ కారానికి మళ్లీ కల్లు. ఆమెకు సగం వ్యాపారం పిల్లలతోనే. మేం కల్లు కోసం కూర్చున్నంత సేపూ తినేవాళ్లం.

పొద్దు వాలాక మాటలు మారేవి. పనుల సంగతులు అయిపోయి పాత సంగతులు మొదలయ్యేవి. మా తాత కల్లును ఎప్పుడూ సేంది అనేవాడు, నిజాం కాలం మాట. ఆ కాలంలో చెట్లన్నీ ఆబ్కారీ, అంటే ఎక్సైజ్ శాఖ, కిందే. గుత్తేదారు వేలం పాట పాడుకొని ఊరి చెట్లన్నీ పట్టుకునేవాడు, గీసేవాళ్లు ఆయన కింద కూలీలు. హైదరాబాద్ సంస్థానం ఖజానాకు ఆబ్కారీ పెద్ద రాబడి. అందుకే 1947లో సంస్థానాన్ని ఇండియాలో కలపాలని ఉద్యమం లేచినప్పుడు, ఆ రాబడికి గండి కొట్టడానికి ఊరూరా తాటి, ఈత చెట్లు నరికారు. మా వనంలోనూ నరికారట. తాత ఆ మాట చెప్పేటప్పుడు గొంతు రెండు రకాలుగా పలికేది. నిజాం పోవాలని ఆయన మనసారా కోరుకున్నాడు. అన్నం పెట్టే చెట్టు మీద గొడ్డలి పడటమూ చూశాడు. మామ తండ్రి ఆ ఏడు కూలికి పోయాడని చెప్పేవాడు. ఇప్పుడున్న వనం మొద్దుల పక్కన పడ్డ గింజలు మొలిచి పెరిగింది.

సర్వాయి పాపన్న కథ లేకుండా ఏ రాత్రీ గడిచేది కాదు. ఆయన కోట ఖిలాషాపూర్ మాకు దూరం కాదు. తాళ్లు గీసే ఇంట పుట్టిన మనిషి జనాన్ని కూడగట్టి, 1708లో వరంగల్ మీద పడి కొల్లగొట్టాడు, మొగలు సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి చదివేటప్పటికి నాకు ఆ కథ నోటికి వచ్చు. పుస్తకంలో నాలుగు పేజీలు, మండువలో నాలుగు రాత్రులు. మామకు పాపన్న ఇంటి మనిషి. "మా పాపన్న" అనేవాడు. కథ చెబుతూ చెబుతూ మోకు మీద చెయ్యి వేసుకునేవాడు.

ఊరి పంచాయితీలు కూడా అక్కడే ముగిసేవి. గట్టు తగాదా, నీళ్ల తగాదా, అన్నదమ్ముల పంపకం ఏదైనా సరే, చావడి దగ్గర తీర్పు అయ్యాక ఇద్దరినీ మండువకు తీసుకొచ్చేవాళ్లు. ఒకరికి ఒకరు పోయాలి. నేలమీద కొంచెం కల్లు సాకగా, అంటే అర్పణగా, పోసి, తర్వాత రేక పట్టాలి. అలా పోయకుండా వెళ్లిపోయినవాడితో తగాదా తెగలేదని లెక్క. ఎవరైనా చనిపోయినా అంతే, దినం నాడు ఆ మనిషి కూర్చునే బండ ముందు సాక పోసేవాళ్లు. మా తాతకు పోసింది నేను చూశాను.

1995 జనవరిలో మా మండువ ఒక్కసారిగా నిండిపోయింది. అంతకు ముందు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా ఆపేశారు. తర్వాత ఎన్టీఆర్ గెలిచి 1995 జనవరి 16 నుంచి మద్యనిషేధం పెట్టారు. కల్లు అందులోకి రాలేదు. ఇంకేముంది, జనగామలో బ్రాందీ షాపుకు అలవాటు పడినవాళ్లంతా సాయంత్రాలు చెరువు కట్ట దిగడం మొదలుపెట్టారు. స్కూలు సార్లు, బ్యాంకు గుమాస్తా, లారీల వాళ్లు, స్కూటర్ మీద వచ్చే కాంట్రాక్టర్లు. మొదట రేక పట్టడం రాక చొక్కాలు తడుపుకునేవాళ్లు. మామ తమ్ముడు, మా చిన్న మామ, వాళ్ల వెనక నిలబడి ఓపికగా నేర్పేవాడు. "తల ఊపు సారూ, తల ఊపు, ఆపుత."

ఆ రెండేళ్లు మండువ మంచి రోజులు. సార్లు పేపర్ తెచ్చేవాళ్లు, గట్టిగా చదివేవాళ్లు. మా బాపు లాంటి చదువుకోని మనుషులు ప్రశ్నలు అడిగేవాళ్లు. ఎన్టీఆర్ గద్దె దిగిన సంగతి, చంద్రబాబు ఎక్కిన సంగతి, అన్నీ ఆ బండల మీదే వాదించుకున్నారు. నేను పదో తరగతి తర్వాత ఏం చదవాలో కూడా అక్కడే తేలింది. లెక్కల సారు ఒకరు మా బాపును పక్కన కూర్చోబెట్టుకొని, "మిషన్ మీద కూసోబెట్టకు, పాలిటెక్నిక్ రాయించు" అని గంట సేపు చెప్పాడు. చెంబు పట్టుకొని నేను వెనకే నిలబడి విన్నాను. ఆ మాట ఇంకెక్కడ చెప్పి ఉన్నా మా బాపు వినేవాడు కాదు. స్కూల్లో సారు ముందు నిలబడి తల వంచుకునే మనిషి, మండువలో సారుకు కల్లు పోసిన మనిషి, అందుకే ధైర్యంగా అడిగాడు: "ఖర్చెంతయితది సార్?"

1997లో నిషేధం సడలించాక వాళ్లలో చాలామంది మళ్లీ కనిపించలేదు. లెక్కల సారు మాత్రం రిటైర్ అయ్యేదాకా వచ్చాడు.

చిన్న మామ తాటిచెట్టు మీద నుంచి పడింది ఆ తర్వాతే. ఎండాకాలం, కల్లు బాగా పారే రోజులు. మోకు తెగిందో కాలు జారిందో ఆయనకే తెలియదు. గీత పని చేసే ప్రతి ఇంట్లో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఊరంతా మంచం మీద మోసుకొని రోడ్డెక్కి, లారీ ఆపి వరంగల్ తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, నడుము కింద బలం పోయింది. వారం పాటు పందిరి కింద ఎవరూ కూర్చోలేదు. మామ ఒక్కడే ఎక్కి, దింపి, కుండలు ఇంటింటికీ మోసి పోసి వెళ్లాడు. ఆయన మానితే కోతలు ఎండిపోతాయి, మానడానికి లేదు.

కొన్ని నెలలకు చిన్న మామను మళ్లీ మండువకు తెచ్చారు. పందిరి గుంజకు ఆనించి కూర్చోబెట్టారు. అప్పటినుంచి లెక్కలు ఆయనవి. సున్నంతో గుంజ మీద గీతలు గీసేవాడు. ఎవరి గీతలు ఎక్కడో ఆయనకే తెలుసు, ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. అందరూ ఆయన దగ్గరే కూర్చోవాలని చూసేవాళ్లు, ఎందుకంటే మాట తీపి మనిషి. పైకి చూసి, అన్న ఏ చెట్టు మీద ఉన్నాడో, ఎంతసేపట్లో దిగుతాడో చెప్పేవాడు. అన్న దిగి కాలు నేల మీద పెట్టేదాకా ఆయన చూపు కిందికి వచ్చేది కాదు. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని చదివినప్పుడు నాకు ముందుగా ఆయన మొహమే కనిపించింది. ఆ బెల్టులు, క్లిప్పులు పాతికేళ్ల కిందటే వచ్చి ఉండాల్సింది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మండువ సన్నబడటానికి ఒక్క కారణం చెప్పలేను. ఊళ్లోకి బెల్టు షాపు వచ్చింది. కిరాణం కొట్టు వెనక ఫ్రిజ్‌లో బీరు దొరికేది, అర్ధరాత్రి తలుపు కొట్టినా ఇచ్చేవాళ్లు. బీరుకు వేళ లేదు, నిలవ ఉంటుంది, జేబులో పెట్టుకొని పోవచ్చు. కొనుక్కున్నవాడు చేను గట్టు మీదో ఇంటి వెనకో ఒక్కడే తాగుతాడు. ఎవరూ పోయనక్కర్లేదు, ఎవరూ తల ఊపడం చూడనక్కర్లేదు. నా ఈడు కుర్రాళ్లు అటే పోయారు. ఇంకోవైపు మందు కల్లు వచ్చింది. చెట్టుతో పని లేకుండా నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం లాంటివి కలిపి తెల్లగా చేసి సీసాల్లో అమ్మేది. దానికి అలవాటు పడినవాళ్లు ఒక్కరోజు దొరక్కపోతే వణికిపోతారు, పిచ్చిగా మాట్లాడతారు. 2015లో కల్తీ మీద దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులకు అలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. మందు కల్లు కల్లు పేరునే చెడగొట్టింది. చెట్టెక్కి ప్రాణం పణంగా పెట్టి దింపినవాడికీ, గోళీలు కలిపినవాడికీ బయటివాళ్ల దృష్టిలో తేడా లేకుండా పోయింది. మామ దీనికి బాధపడ్డంత దేనికీ బాధపడలేదు. సిటీ నుంచి వచ్చిన ఎవరో "అసలుదేనా?" అని అడిగితే మాట్లాడకుండా మోకు తీసుకొని, అతని కళ్ల ముందే ఎక్కి దింపి పోశాడు.

తర్వాత భూముల ధరలు పెరిగాయి. చెరువు కట్ట ఇవతలి చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. తాటిచెట్టు గీతకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది, పొక్లెయిన్‌కు పది నిమిషాలు చాలు. ఈతవనంలో సగం పోయింది.

నేను హైదరాబాద్ వచ్చే నాటికి ఇక్కడ కల్లు దుకాణాలు మూసి ఉన్నాయి. 2004లో మూసేశారు, తెలంగాణ వచ్చాక 2014లో దసరా రోజుల్లో తెరిచారు. తెరిచిన కొత్తలో ఒక కల్లు కాంపౌండ్‌కు పోయాను. పెద్ద షెడ్డు, సిమెంటు బల్లలు, పొడుగు సీసాలు. అడ్డా కూలీలు, ఆటో వాళ్లు, ముసలి ఆడవాళ్లు, చంటిపిల్లలతో వచ్చిన జంటలు. నాకు కల్లు నచ్చలేదు కానీ మనుషులు నచ్చారు. మా తూర్పు వైపు గుంపులాంటి గుంపే ఒకటి గోడ పక్కన కూర్చొని పకపకా నవ్వుతోంది. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ పెట్టాక మా పిల్లల్ని అక్కడికి తీసుకుపోయాను. శుభ్రంగా ఉంది, హుస్సేన్ సాగర్ కనిపిస్తుంది, నీరా చల్లగా ఇచ్చారు. మా పాప ఒక గుక్క తాగి "డాడీ, ఇది ఎక్కడినుంచి వస్తుంది?" అంది. చెట్టు గురించి, లొట్టి గురించి, సున్నం గురించి చెప్పాను. ఫోన్‌లో ఫొటోలు చూపించాను. అది అడిగిన అసలు ప్రశ్న తర్వాత వచ్చింది: "వాళ్లు పైనుంచి పడరా?"

అందుకే మొన్న దసరాకు పిల్లల్ని ఊరికి తీసుకుపోయాను. మామ ఇప్పుడు ఎక్కడం లేదు, మోకాళ్లు పోయాయి. మనవడు ఎక్కుతున్నాడు. డిగ్రీ చదివాడు, కొన్నాళ్లు హైదరాబాద్‌లో డెలివరీ పని చేశాడు, తిరిగొచ్చాడు. సేఫ్టీ బెల్టు వేసుకొని ఎక్కుతాడు, వాట్సాప్‌లో ఎన్ని గంటలకు దిగుతాడో పెడతాడు. హరితహారంలో పెట్టిన ఈత మొక్కలు కొన్ని బతికి గీతకు వచ్చే దశలో ఉన్నాయని చూపించాడు. జనగామ నుంచి బైకుల మీద వచ్చేవాళ్లు ప్లాస్టిక్ సీసాల్లో నింపించుకొని పోతున్నారు. కూర్చోండని ఆ పిల్లాడే అడుగుతాడట, టైమ్ లేదంటారట.

మామ మా పాపను దగ్గరికి పిలిచి తన అరిపాదం ముట్టుకొని చూడమన్నాడు. అది ముట్టుకొని, "చెట్టు లాగే ఉంది తాతా" అంది. ఆయన మురిసిపోయి దాన్ని ఈతచెట్టు దగ్గరికి తీసుకుపోయి గంట్లు లెక్కపెట్టించాడు. మా బాపు ఇప్పుడు లేడు. ఆయన ఎప్పుడూ కూర్చునే బండ ముందు మామ మనవడి చేత సాక పోయించాడు. తర్వాత రేక మడిచి నా చేతిలో పెట్టాడు, కుండ ఆయనే ఎత్తాడు. చేతులు వణుకుతున్నాయి, అయినా ఒక్క చుక్క కింద పడలేదు. నేను తల ఊపేదాకా పోస్తూనే ఉన్నాడు. దించాక అడిగాడు: "మీ బాపు లెక్క ఇంకా తేలలేదు అల్లుడా. వచ్చే పండుగకు చూద్దామా?" చూద్దాం మామా అన్నాను. సెలవు ఇప్పుడే పెట్టాను.